రాత్రి కొలవని రక్తపోటు

అరవై దాటిన మనిషి బీపీ ఎప్పుడు చూపించుకుంటాడు? పొద్దున ఇంత తిని, బస్సెక్కి, కడప జిల్లా ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పులివెందులలోనో డాక్టరు గది ముందు బెంచీ మీద కూచుని, తన వంతు రాగానే చేయి చాపుతాడు. నర్సు పట్టీ చుట్టి గాలి కొట్టి అంకె చెబుతుంది. ఆ అంకెను బట్టి మాత్ర పెరుగుతుంది, లేదా ఉన్నదే కొనసాగుతుంది. రక్తపోటు కొలిచే విద్య పుట్టి 125 ఏళ్లు దాటింది. ఈలోగా మందులు మారాయి, పాదరసం పోయి బ్యాటరీ వచ్చింది. కొలిచే వేళ మాత్రం మారలేదు. పగలు, మెలకువలో, కూచున్నప్పుడు. మనిషి వెల్లకిలా పడుకుని గురక పెట్టే ఆ ఏడెనిమిది గంటలు డాక్టరు గది లెక్కలోకి రాలేదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉన్నవాళ్లకు రక్తనాళాలు దెబ్బతినేది సరిగ్గా ఆ గంటల్లోనే. ఈ జబ్బు చరిత్ర మొత్తం తిరగేస్తే నాకు కనిపించింది ఒకటే: రాత్రిపూట మనిషి పక్కన కూచుని చూసినప్పుడల్లా వైద్యం ఒక అడుగు ముందుకు వేసింది. పగటి అంకెతో తృప్తిపడినప్పుడల్లా ఆగిపోయింది.

ఈ మూడు ఊళ్లకు ఆధునిక వైద్యం వచ్చిన దారి జమ్మలమడుగుతో మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు అక్కడ ఆసుపత్రి పెట్టారు. క్యాంబెల్ ఆసుపత్రి అని కాగితాల్లో ఉంటుంది, జనానికి మాత్రం మిషన్ ఆసుపత్రి. పెన్నకు అటూ ఇటూ ఉన్న పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. 1876-78 నాటి ధాత కరువు ఇంకా జనం జ్ఞాపకంలో ఉన్న కాలం అది. కలరా, మలేరియా, కష్టమైన కాన్పులు, కంటి పొరలు: ఇవీ అప్పటి వైద్యుడి పనులు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గరే ఉంది. ముసలితనపు రక్తపోటు గురించి ఆలోచించాలంటే ముందు ముసలితనం దాకా బతకాలి కదా.

1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ చర్చి) ఏర్పడ్డాక మిషన్ ఆసుపత్రి దాని చేతికి వచ్చింది. గుల్బర్గాలో వైద్యం చదివి, తిరుపతిలో హౌస్ సర్జన్ చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం మెడికల్ ఆఫీసరుగా పనిచేసింది ఈ ఆసుపత్రిలోనే. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుతో 70 పడకల ధర్మాసుపత్రి పెట్టి, రూపాయి డాక్టరని పేరు తెచ్చుకున్నాడు. ఆ తరం వైద్యులు ఈ ప్రాంతాన్ని అంటురోగాల కాలం నుంచి బీపీ, షుగర్ల కాలంలోకి నడిపించారు. ఆ మార్పు ఎంత త్వరగా జరిగిందో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో మరణాలు లెక్కగట్టిన అధ్యయనం 2006లో చూపించింది. చనిపోయినవాళ్లలో మూడో వంతుకు దగ్గరగా, 32 శాతం మంది, గుండె జబ్బులతో, పక్షవాతంతో, రక్తప్రసరణకు చెందిన ఇతర జబ్బులతో పోయినవాళ్లే. పల్లె మనిషి ఒళ్లొంచి పనిచేస్తాడు, అతనికి బీపీ ఏంటి అనే మాట అక్కడితో చెల్లిపోయింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి రక్తపోటు ఉంది. అరవై దాటినవాళ్లనే లెక్కేస్తే ఇంకా చాలా ఎక్కువ.

రక్తపోటు కథ ఐరోపాలో మొదలైంది. 1896లో ఇటలీలోని టురిన్‌లో రివా-రోచి చేతికి రబ్బరు పట్టీ చుట్టి పాదరసపు గొట్టంతో ఒత్తిడి కొలిచాడు. 1905లో రష్యన్ వైద్యుడు కొరోట్కాఫ్, పట్టీ కింద స్టెతస్కోపు ఆనించి వింటే పై అంకె, కింది అంకె రెండూ తెలుస్తాయని చెప్పాడు. కొలవడం వచ్చింది గానీ, ఆ అంకెతో ఏం చేయాలో చాలాకాలం తెలియలేదు. ముసలివాళ్లకు పోటు పెరగడం సహజమనీ, వయసుకు 100 కలిపితే వచ్చేది వాళ్లకు తగిన బీపీ అనీ నమ్మేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945లో మెదడులో రక్తస్రావమై చనిపోయే రోజున బీపీ 300/190. లోకంలో అత్యుత్తమ వైద్యం అందుబాటులో ఉన్న మనిషికే అప్పటికి పనికొచ్చే మాత్ర లేదు. మన దేశం చేసిన మేలు ఇక్కడ చెప్పుకోవాలి. సర్పగంధ వేరు పోటును తగ్గిస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం కళ్లు తెరిచింది. 1950ల చివర మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ మాత్రలు వచ్చాయి. ముసలివాళ్ల పోటును తగ్గించాలా వద్దా అన్న వాదం తీరడానికి మాత్రం 1991 దాకా ఆగాల్సి వచ్చింది. అరవై దాటిన 4,736 మందితో చేసిన షెప్ పరిశోధన, పై అంకెను మందులతో తగ్గిస్తే పక్షవాతం 36 శాతం తగ్గుతుందని తేల్చింది. 2008లో హైవెట్ పరిశోధన ఎనభై దాటినవాళ్లకూ మేలేనని చెప్పింది.

ఇదంతా పగటి చరిత్ర. రాత్రి చరిత్ర వేరే దారిలో, వేరే మనుషుల చేతుల్లో నడిచింది.

నిద్రలో ఊపిరి అడ్డుపడటం కొత్త సంగతి కాదు. సుశ్రుతుడు స్థూలకాయుల లక్షణాలు చెబుతూ అతినిద్రను, కొద్దిపాటి ఆయాసాన్ని, నిద్రలో గొంతులో పుట్టే శబ్దాన్ని ఒక్కచోట చేర్చాడు. ఆధునిక వైద్యం మాత్రం ఈ ముడి విప్పడానికి చాలా తంటాలు పడింది. 1956లో అమెరికాలో బర్వెల్, ఆయన సహచరులు వర్ణించిన రోగి 51 ఏళ్ల వ్యాపారి, బాగా లావు. పేకాటలో గెలిచే ముక్కలు చేతిలో ఉండగానే కునికిపాట్లు పడి ఆట పోగొట్టుకుని, ఇదేదో జబ్బేనని ఆసుపత్రిలో చేరాడు. అతని రక్తం పరీక్షించారు, ఊపిరితిత్తులు పరీక్షించారు, పగలంతా పరీక్షించారు. లావు వల్ల శ్వాస చాలక మత్తు వస్తోందని తేల్చారు. రాత్రి గొంతు మూసుకుపోతోందేమో అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఆ చూపు 1965లో వచ్చింది. ఫ్రాన్స్‌లో మార్సెయిల్ నగరంలో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో ఇలాంటి రోగులను రాత్రంతా తీగలు తగిలించి నిద్రపుచ్చారు. ఛాతీ ఎగుస్తూనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. నాలుక వెనక గొంతు గోడలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. ఇటలీలో బొలోనాకు చెందిన లుగారేజి, కొకాన్యా ఇంకో అడుగు వేశారు. రోగి ధమనిలోనే కొలిచే సాధనం ఉంచి రాత్రి పొడవునా పోటు గీశారు. ఊపిరి ఆగిన ప్రతిసారీ, తిరిగి అందుకునే క్షణంలో పోటు ఒక్కసారిగా పైకి లేచింది. ఒక రాత్రిలో వందల శిఖరాలు. 1972లో రిమినిలో జరిగిన సమావేశంలో ఈ గీతలు వైద్యలోకం ముందుకు వచ్చాయి. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గియ్యుమినో ఈ జబ్బుకు ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు పెట్టాడు. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడాన్ని ఒక ఘటనగా లెక్కించే పద్ధతి అప్పటిది. ఇప్పటి లెక్కన అలాంటివి గంటకు 5 దాటితే జబ్బు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం.

1980లో లుగారేజి బృందం శాన్ మారినో అనే చిన్న దేశంలో 5,713 మందిని అడిగి, గురక పెట్టేవాళ్లలో రక్తపోటు ఎక్కువని చూపించింది. గురకను నవ్వులాటగా తీసుకునే రోజులకు నిజానికి అక్కడే తెర పడాల్సింది. పడలేదు. మన కడప జిల్లా ఇళ్లలో ఇప్పటికీ గురక పెట్టేవాణ్ని చూసి, మంచి నిద్రపోతున్నాడు, వాడికేం దిగులు అంటారు. ఎండాకాలం మిద్దె మీద మంచాలు వేసుకుని పడుకునే రోజుల్లో కనీసం ఆ గురక వీధి వీధికీ వినబడేది. ఉన్నట్టుండి ఆగిపోవడం కూడా వినబడేది. "మీ జేజినాయన గుర్రు పెడతా పెడతా నిల్చిపోతాడు, మల్లా గబుక్కున ఎగశ్వాస తీస్తాడు, నాకు నిద్రే పట్టదురా అబ్బోడా" అని మనవడితో చెప్పే జేజి ఏ యంత్రమూ లేకుండా ఆ జబ్బును గుర్తుపట్టేసింది. ఆమె మాట డాక్టరు గది దాకా రాకపోవడమే మన దురదృష్టం.

ఊపిరి ఆగినప్పుడు లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపికగా చూడాలి. ఆరోగ్యవంతుడు నిద్రపోతే రక్తపోటు పగటి మీద 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు, నాళాలకు అదే విశ్రాంతి. గొంతు మూసుకుపోయేవాడికి ఆ విశ్రాంతి లేదు. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ప్రమాదఘంట కొట్టి అడ్రినలిన్ నరాలను లేపుతుంది, నాళాలు బిగుసుకుంటాయి, మనిషి అరక్షణం మేలుకుని గాలి అందుకుంటాడు. ఆ మేలుకోవడం అతనికి తెలియదు. తెల్లారి తలనొప్పి, నోరెండటం, పగలు కూచున్నచోట కునుకు మాత్రమే తెలుస్తాయి. రాత్రికి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడం కూడా దీనివల్ల కావచ్చు. మూసుకున్న గొంతుతో గాలి పీల్చడానికి ఛాతీ పడే శ్రమకు గుండె గదులు సాగుతాయి, అవి నీరు వదిలించుకొమ్మని మూత్రపిండాలకు హార్మోను పంపుతాయి. మన ముసలివాళ్లు దాన్ని షుగరు ఖాతాలోనో ప్రోస్టేటు ఖాతాలోనో వేసేసి ఊరుకుంటారు.

ఆక్సిజన్ పడటం, లేవడం, మళ్లీ పడటం నాళాల లోపలి పొరను కాలుస్తుంది. ఎండోథీలియం అనే ఆ పొర ఒక్క కణం మందమే. నాళం వదులవ్వాలా బిగుసుకోవాలా అన్నది మాత్రం దాని చేతిలో ఉంది. ఆ పొర లేకుండా నాళం వదులు కాదని 1980లో అమెరికన్ శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కనిపెట్టాడు. వదులు చేసే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ వాయువని తర్వాత తేలింది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998 నోబెల్ దానికే. 1992లో సెలెర్మాయెర్ బృందం ఈ పొర పనితీరును బయటినుంచే చూసే మార్గం చెప్పింది. చేతికి పట్టీ బిగించి కొన్ని నిమిషాలు రక్తం ఆపి, వదిలాక ధమని ఎంత విప్పారుతుందో అల్ట్రాసౌండ్‌తో కొలవడం. 2000లో కాటో, సోమర్స్ బృందం ఇతర జబ్బులేవీ లేని స్లీప్ ఆప్నియా రోగులను పరీక్షిస్తే, వాళ్ల చేతిలోని చిన్న నాళాలు విప్పారాల్సినంత విప్పారలేదు. పోటు ఇంకా పెరగకముందే నాళం మొరాయించడం మొదలైందన్నమాట.

అదే సంవత్సరం పెప్పార్డ్ బృందం విస్కాన్సిన్‌లో నాలుగేళ్లు వెంబడించిన మనుషుల లెక్క బయటపెట్టింది. మొదట ఊపిరి ఎంత ఎక్కువసార్లు ఆగితే, నాలుగేళ్ల తర్వాత బీపీ వచ్చే అవకాశం అంత పెరిగింది. అంతకు ముందే, 1997లో, టొరంటోలో కుక్కలకు నిద్రలో మాత్రమే శ్వాసనాళం మూసే ఏర్పాటు చేస్తే కొన్ని వారాల్లో వాటికి పగటి బీపీ వచ్చింది, ఏర్పాటు తీసేస్తే తగ్గింది. 2003లో అమెరికా రక్తపోటు మార్గదర్శకాలు స్లీప్ ఆప్నియాను బీపీకి గుర్తించదగిన కారణాల జాబితాలో చేర్చాయి.

ఇక్కడి నుంచి కథ ముసలివాళ్ల దగ్గరికి వచ్చి చిక్కుపడుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ చిక్కే. 2005లో హాస్ బృందం అమెరికాలో ఆరువేల పైచిలుకు మందిని పరిశీలిస్తే, అరవై లోపు వాళ్లలో ఊపిరి ఆగడానికీ బీపీకీ గట్టి సంబంధం కనిపించింది, అరవై దాటినవాళ్లలో కనిపించలేదు. అయితే ముసలివాళ్లకు ఈ జబ్బు హాని చేయదనుకోవాలా? ఏడాది ముందే నియేటో బృందం 68 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న 1,037 మంది చేతి ధమనులను పరీక్షించింది. నిద్రలో ఆక్సిజన్ ఎక్కువగా పడిపోయేవాళ్ల ధమనులు తక్కువగా విప్పారాయి. ఆ సంబంధం ఎనభై లోపు వాళ్లలోనూ, బీపీ ఉన్నవాళ్లలోనూ మరింత గట్టిగా ఉంది.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. వయసు మళ్లేసరికి పెద్ద ధమనులు వాటంతటవే బిగుసుకుపోతాయి. పులివెందుల అరటితోటలో ఏళ్ల తరబడి ఎండకు మాడిన డ్రిప్పు పైపు లాగా, నీటి తాకిడికి సాగే గుణం పోతుంది. అందుకే పై అంకె పెరిగి కింది అంకె తగ్గుతుంది. అరవై దాటిన వందమందిలో చాలామందికి ఏదో ఒక కారణంతో బీపీ ఎలాగూ ఉంటుంది. కనుక అంకె ఒక్కదాన్ని చూస్తే గురక పెట్టేవాడికీ పెట్టనివాడికీ తేడా తెలియదు. తేడా నాళంలో ఉంది. ఇప్పటికే బిగుసుకున్న నాళం మీద, రాత్రికి వందసార్లు ఎగిసే పోటు వచ్చి కొడుతోంది. బెంచీ మీద కూచున్న పెద్దాయనకు 140 వచ్చింది, పర్వాలేదనుకుని పంపించేస్తే మనం చూసింది అంకెను, మనిషిని కాదు.

మూడు నాలుగు మాత్రలు వేసినా బీపీ దిగనివాళ్ల సంగతి మరీ స్పష్టం. 2001లో లోగన్ బృందం టొరంటోలో అలాంటి 41 మందికి స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో చేసే పరీక్ష, చేస్తే 83 శాతానికి ఈ జబ్బు ఉంది. మాత్ర మార్చుకుంటూ ఈ డాక్టరు నుంచి ఆ డాక్టరు దగ్గరికి తిరిగే పెద్దవాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. రాత్రి సంగతి ఎవరైనా అడిగారా అంటే చాలామందిని అడిగి ఉండరు.

మన దేశంలో లెక్కలు ఆలస్యంగా మొదలయ్యాయి. 2004లో బొంబాయిలో ఉద్వాడియా బృందం నడివయసు మగవాళ్లలో 7.5 శాతానికి లక్షణాలతో కూడిన జబ్బు ఉందని చెప్పింది. 2006లో ఢిల్లీలో శర్మ బృందం లెక్కలో ఆడా మగా కలిపి అది 3.6 శాతం. మనవాళ్ల ముఖ నిర్మాణంలో దవడ చిన్నది కావడంతో మరీ లావు లేనివాళ్లకూ రావచ్చు. నా దేహం సన్నమే, నాకేం కాదు అనే ధైర్యం పనికిరాదు. తెలుగువాళ్లు చాలామంది ఈ జబ్బు పేరు మొదటిసారి విన్నది 2022 ఫిబ్రవరిలో, 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటల స్వరకర్త బప్పీ లాహిరి 69 ఏళ్ల వయసులో పోయినప్పుడు. డాక్టర్లు చెప్పిన కారణం ఇదే.

ఆడవాళ్ల సంగతి ఇంకా వెనకబడింది. ముట్లుడిగాక వాళ్లకూ ఈ జబ్బు మగవాళ్లతో దాదాపు సమానంగా వస్తుంది. కానీ ఆడమనిషి గురక పెడుతుందని చెప్పుకోవడానికి ఇంట్లో అందరికీ సిగ్గు. భర్త పోయి, పిల్లలు బెంగళూరులోనో కువైట్‌లోనో స్థిరపడి, ఒంటరిగా పడుకునే పెద్దావిడ ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో వినేవాళ్లే లేరు. ఆమెను డాక్టరు నేరుగా అడగాలి. రాత్రి ఉక్కిరిబిక్కిరై లేస్తావా అమ్మా, తెల్లారి తల బరువుగా ఉంటుందా, పగలు టీవీ ముందు కునుకు పడుతుందా అని.

వైద్యం సంగతికొస్తే, 1981కి ముందు తీవ్రమైన రోగులకు మెడ దగ్గర గొంతుకు రంధ్రం చేయడమే గతి. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్, ముక్కుకు మాస్కు పెట్టి, చిన్న మోటారుతో గాలి ఊదుతూ ఆ ఒత్తిడితోనే గొంతును తెరిచి ఉంచవచ్చని ఐదుగురు రోగులతో చూపించాడు. అదే సీప్యాప్. 2013లో స్పెయిన్‌లో 194 మంది మొండి బీపీ రోగులకు 12 వారాలు వాడిస్తే 24 గంటల సగటు పోటు 3 పాయింట్ల పైన తగ్గింది, రాత్రిపూట దిగాల్సిన పోటు, యంత్రం వాడనివాళ్లతో పోలిస్తే ఎక్కువమందిలో, మళ్లీ దిగసాగింది. సావో పౌలోలో డ్రాగర్ బృందం 2007లో నాలుగు నెలల వాడకంతో ధమనుల బిగుతు, గోడల మందం తగ్గాయని చూపింది. అయితే వాళ్లు చిన్న గుంపు, ముసలివాళ్లు కారు.

2016లో సేవ్ అనే పెద్ద పరిశోధన నిరాశపరిచింది. మన దేశంతో సహా ఏడు దేశాల్లో 2,717 మందిని ఏళ్ల తరబడి చూస్తే, సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మత్తు తగ్గింది, మనసు కుదుటపడింది, అంతే. ఈ ఫలితాన్ని దాచి ఈ యంత్రాన్ని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లను నమ్మకూడదు. ఫలితం వెనక ఇంకో అంకె కూడా ఉంది: ఆ రోగులు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలు. మిగిలిన సగం రాత్రి గొంతు మూసుకుపోతూనే ఉంది. 2024 చివర్లో అమెరికా, ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్లకు టిర్జెపటైడ్ సూదిమందును అనుమతించింది. 2025లో అది మన దేశానికీ వచ్చింది. పింఛను మీద బతికే మనిషికి అందే ధర కాదది.

ఇక ప్రభుత్వం వైపు చూస్తే, 2007లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తర్వాత రాష్ట్రమంతా పాకింది. గుండె ఆపరేషను కోసం ఆస్తులమ్ముకునే దుస్థితి చాలా కుటుంబాలకు తప్పింది. 104 బండి పల్లెకే వచ్చి బీపీ మాత్రలిస్తోంది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ నాళం పగిలాక ఖర్చు పెట్టడానికి సిద్ధపడిన వ్యవస్థ, అది పాడవుతున్న రాత్రుల్ని చూడటానికి ఇంకా సిద్ధపడలేదు. స్లీప్ స్టడీ అంటే ఇక్కడి పెద్దవాళ్లకు తిరుపతో, కర్నూలో, బెంగళూరో, హైదరాబాదో గుర్తుకొస్తుంది. ఇంట్లోనే వేలికి, ముక్కుకు, ఛాతీకి తగిలించుకుని పడుకునే చిన్న పరికరాలు వచ్చి చాలాకాలమైంది. ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో అలాంటివి కొన్ని, వాటిని చదవగల టెక్నీషియన్ ఒకరు ఉంటే జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రులకు వారం విడిచి వారం తిప్పవచ్చు. మూడు మాత్రలు వేసినా బీపీ దిగని అరవై దాటిన ప్రతి ఒక్కరికీ ముందు ఆ పరీక్ష జరగాలి. 104 బండిలో బీపీ రాసే పుస్తకంలో గురక, ఊపిరి ఆగడం, రాత్రి మూత్రానికి లేవడం అని మూడు గడులు గీయాలి. మాస్కు ఇచ్చిన మనిషికి రెండో వారంలో ఎవరో ఒకరు ఫోన్ చేసి, రాత్రి ఎన్ని గంటలు పెట్టుకున్నావు, ముక్కు దగ్గర ఒరుసుకుపోతోందా, గాలి కారిపోతోందా అని అడగాలి. 3.3 గంటలను ఐదారు గంటలు చేసేది ఆ ఫోనే.